మరణానంతర దేహపరిణామం: శ్రుతివాక్యం, లోకాచారం, సిద్ధపురుషుల సమాధులు

మహాత్ముల దేహం మరణానంతరం చెడదన్న విశ్వాసం భక్తలోకంలో చిరకాలంగా ఉంది. గురువు దేహత్యాగం చేశారన్న వార్త విన్నంతనే శిష్యులు అడిగే తొలి ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ముఖవర్ఛస్సు తగ్గిందా? అవయవాలు బిగుసుకొన్నాయా? ఎన్ని దినాలు దేహం వాడకుండా ఉన్నది? వికారం కనబడకపోతే అది సిద్ధికి చిహ్నమని సంతోషించేవారు, కనబడితే లోలోపల కలత చెందేవారు నేటికీ ఉన్నారు. జ్ఞాని దేహానికి ప్రకృతి ధర్మం వర్తించదని శ్రుతి ఎక్కడైనా చెప్పిందా? శాస్త్రకారులు, కర్మనిష్ఠులు, వైద్యులు, యోగులు మృతదేహాన్ని చూసినప్పుడు ఏమి చూశారు? ఈ విచారణకు మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం, కుప్పం ప్రాంతాలతో కూడిన పడమటి సీమ మంచి ఆరంభస్థానం. మృతదేహాన్ని గురించిన ఆలోచనకు ఇక్కడ రాతిలో చెక్కిన సాక్ష్యం ఉంది. ఇరవయ్యవ శతాబ్దిలో అదే ప్రశ్న అడిగిన ఒక ప్రసిద్ధ పురుషుని జన్మస్థలమూ ఇక్కడే ఉంది.

రామసముద్రం నుండి ఏ దిక్కుకు చూసినా నల్లరాతి గుట్టలు, వాటి నడుమ చెరువులు కనిపిస్తాయి. కన్నడ సీమకు ఆనుకొని ఉన్న ఈ పీఠభూమిలోనూ, దీని నుండి చిత్తూరు వైపు దిగే మెట్టలలోనూ, దక్షిణాన కృష్ణగిరి వరకూ ప్రాచీన శిలాసమాధులు చెదరి ఉన్నాయి. నాలుగు పలకరాళ్ళను నిలువుగా నాటి, పైన ఒక పెద్ద బండను కప్పిన గదులవి. ఒక పలకలో గుండ్రని రంధ్రం ఉంటుంది. జనులు వీటిని పాండవుల గుళ్ళని, రాక్షసి గుళ్ళని పిలుస్తారు. వనవాసకాలంలో పాండవులు తలదాచుకొన్న ఇండ్లని చెప్పుకుంటారు. చిత్తూరు ప్రాంతపు పాండవుల దేవళాలను గురించి మద్రాసు సైన్యానికి చెందిన కెప్టెన్ న్యూబోల్డ్ 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే పరిశీలించి వ్యాసం రాశాడు. లోపల తవ్వితే దొరికినవి దేవతామూర్తులు కావు. కాళ్ళున్న మట్టి తొట్లు, వాటిలో మట్టితో కలిసిన ఎముకల తునకలు, చుట్టూ కుండలు, ఇనుప పనిముట్లు. కడప సీమలోని శంఖవరంలో దొరికిన అట్టి మట్టి పేటిక పొట్టేలు ఆకారంలో ఉంది; చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో దానిని చూడవచ్చు.

ఇనుపయుగానికి చెందిన ఈ సమాధులలో గమనింపదగిన అంశం ఒకటుంది. అనేక సమాధులలో పూర్తి అస్థిపంజరం ఉండదు. ఏరి తెచ్చిన కొన్ని ఎముకలే ఉంటాయి. కొన్నిచోట్ల ఒకే గదిలో ఇద్దరు ముగ్గురివి కూడా ఉంటాయి. అంటే మొదట దేహాన్ని మరెక్కడో ఉంచి, మాంసం క్షయించిన పిమ్మట ఎముకలను సేకరించి, ఈ శాశ్వత గృహంలో నిక్షేపించారు. చనిపోయిన దేహం ఏయే దశలను దాటి ఎముకలుగా మిగులుతుందో, అందుకు ఎంత కాలం పడుతుందో ఆ ప్రజలకు తెలియకుండా ఈ ఆచారం నడిచి ఉండదు. వారు ఏ భాష మాట్లాడారో, ఏ దేవతను కొలిచారో వారి ఎముకలు చెప్పవు. దేహంలో పోయేదేదో, మిగిలేదేదో వేరు చేసి, మిగిలినదానికే ఇల్లు కట్టారన్నది మాత్రం స్పష్టం.

వైదికుల అస్థిసంచయనం దీనికి సోదర కర్మవలె కనిపిస్తుంది. ఆశ్వలాయన గృహ్యసూత్రం ఈ విధిని వివరిస్తుంది: దహనానంతరం అంగుష్ఠ అనామికలతో ఒక్కొక్క ఎముకనూ చప్పుడు కాకుండా ఎత్తాలి. పాదాల నుండి మొదలుపెట్టి శిరస్సుతో ముగించాలి. వాటిని కుంభంలో ఉంచి గోతిలో నిక్షేపించాలి. శిలాసమాధుల వారికి కాలమూ మట్టీ చేసిపెట్టిన పనిని ఇక్కడ అగ్ని కొన్ని గడియల్లో చేస్తుంది. ఒకటి మరొకదాని నుండి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పనవసరమూ లేదు. ఋగ్వేద దశమ మండలంలోనే రెండు మార్గాలూ పక్కపక్కన ఉన్నాయి. ఒక సూక్తం మృతుని పరుషంగా కాల్చివేయవద్దని అగ్నిని ప్రార్థిస్తుంది. అతని కన్ను సూర్యునికి, ఊపిరి వాయువుకు చేరాలని కోరుతుంది. మరొక సూక్తం తల్లి కొంగుతో బిడ్డను కప్పినట్లు ఇతనిని కప్పుకొమ్మని భూమిని వేడుకొంటుంది.

ఇక ఉపనిషత్తు. మృతదేహాన్ని గురించి బృహదారణ్యకం పలికిన మాట సాధారణంగా ప్రవచనాల్లో వినిపించదు. జనకుని సభలో జారత్కారవుడైన ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుని ప్రశ్నిస్తున్నాడు. ఇంద్రియాలు గ్రహాలు, విషయాలు అతిగ్రహాలు అన్న చర్చ ముగిసింది. మృత్యువునే అన్నంగా చేసుకొనే తత్త్వమేదన్న ప్రశ్న కూడా తీరింది. అప్పుడు అతడు అడుగుతాడు: ఈ పురుషుడు మరణించినప్పుడు ప్రాణాలు ఇతని నుండి పైకి లేచి వెళతాయా, లేదా? లేదు, అవి ఇక్కడే లీనమవుతాయి అంటాడు యాజ్ఞవల్క్యుడు. అంతటితో ఆగడు. అతడు ఉబ్బుతాడు, గాలితో నిండుతాడు, అట్లే నిండి మృతుడై పడి ఉంటాడు అని ముగిస్తాడు.

శంకర భగవత్పాదులు ఈ సందర్భాన్ని జ్ఞానిపరంగా వ్యాఖ్యానించారు. మృత్యుబంధాన్ని దాటిన విద్వాంసుని ప్రాణాలు లోకాంతరాలకు ఉత్క్రమించవు. సముద్రంలో తరంగాలవలె పరమాత్మలోనే కలిసిపోతాయి. మరి ఉబ్బి పడి ఉండేది ఎవరు? దేహమే. తోలుతిత్తి గాలితో నిండినట్లు నిండి, నిశ్చేష్టమై పడి ఉండేది శరీరమే తప్ప ఆత్మ కాదని భాష్యతాత్పర్యం. భక్తలోకం నిదానంగా చదవవలసిన చోటిది. ముక్తుని ప్రాణాలు పరంలో లీనమైన క్షణంలోనే ముక్తుని దేహం ఉబ్బుతుందని శ్రుతి దాచకుండా చెప్పింది. జ్ఞాని దేహానికి సుగంధాన్నీ, అక్షయత్వాన్నీ ఆపాదించే అవకాశం అక్కడ ఉండింది. యాజ్ఞవల్క్యుడు ఆ అవకాశాన్ని వాడుకోలేదు. అదే ఉపనిషత్తు మరొకచోట పాము కుబుసపు ఉపమానం చెబుతుంది. పుట్టపై విడిచిన కుబుసం ఎట్లు పడి ఉంటుందో, విముక్తుడు విడిచిన దేహమూ అట్లే పడి ఉంటుంది. కుబుసం మెరుస్తున్నదా, మాసి ఉన్నదా అని పామును అడిగేవారెవరు?

ఈ ఉబ్బడానికి యోగశాస్త్రం ఒక పేరు పెట్టింది. ప్రాణాపానాది పంచ ముఖ్యవాయువులతో పాటు నాగ, కూర్మ, కృకర, దేవదత్త, ధనంజయములనే ఉపవాయువులను గోరక్ష సంప్రదాయ గ్రంథాలు లెక్కించాయి. వీటిలో సర్వవ్యాపియైన ధనంజయ వాయువు మరణించినవానిని కూడా విడిచిపోదని వాటి సిద్ధాంతం. తక్కినవి పోయిన తరువాత ఇది నిలిచి దేహాన్ని ఉబ్బజేస్తుందని పెద్దలు వివరిస్తారు. ఆధునిక వైద్యం ప్రకారం మృతదేహంలో నిండేది ప్రేగులలోని సూక్ష్మజీవులు పుట్టించే వాయువు. జీవించి ఉన్నంతకాలం హద్దులో ఉన్న ఆ జీవులు, రక్తప్రసరణ ఆగిన పిమ్మట అడ్డులేక విస్తరించి, కణజాలాన్ని కుళ్ళజేస్తాయి. ఇది వెలుపలి నుండి వచ్చే గాలి కాదు, లోపలే పుట్టేది. దేహంలో నిలిచిపోయిన వాయువన్న యోగుల మాటకు, లోపలే పుట్టే వాయువన్న వైద్యుల మాటకు ఇంత దగ్గరితనం ఉన్నంత మాత్రాన ధనంజయుడే సూక్ష్మజీవి అని ప్రకటించేవారు శాస్త్రానికీ, యోగానికీ కూడా మేలు చేయరు. యోగులు కన్నులతో చూసినదానికి తమ పరిభాషలో స్థానం కల్పించారు. కళ్ళు మూసుకోలేదన్నదే ఇక్కడ విశేషం.

మరణంలో తొలుత కనిపించేది ఉబ్బు కాదు, చల్లదనం. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మరణక్రమం చెబుతాడు. రోగపీడితుని చుట్టూ బంధువులు చేరి, నన్ను గుర్తించావా అని అడుగుతుంటారు. వాక్కు మనస్సులో, మనస్సు ప్రాణంలో, ప్రాణం తేజస్సులో, తేజస్సు పరదేవతలో లీనమయ్యే వరకు అతడు గుర్తిస్తాడు. మాట మొదట పోతుంది, ఎరుక తరువాత, ఊపిరి ఆ తరువాత, వెచ్చదనం చివరన. పడక పక్కన కూర్చుని చూసినవారు చెప్పగల క్రమమిది. బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయంలో వ్యాసభగవానుడు ఈ వెచ్చదనానికి ప్రత్యేకంగా ఒక సూత్రం కేటాయించాడు. స్థూలదేహాన్ని తాకితే తెలిసే ఉష్ణం సూక్ష్మశరీరానిదే అని సిద్ధాంతం. రూపాదులన్నీ మృతదేహంలో ఉన్నా ఉష్ణం మాత్రం ఉండదు కనుక అది స్థూలానిది కాదని భాష్యకారుల యుక్తి. ఆకారం అట్లే ఉంది, రంగు అట్లే ఉంది, చెయ్యి పట్టుకొంటే మాత్రం చల్లగా ఉంది. ఈ అనుభవం మీదనే వేదాంతం ఒక నిర్ణయం చేసింది.

వైద్యులు ఇందుకు మరికొన్ని వివరాలు చేర్చారు. గుండె ఆగిన తరువాత దేహం చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతకు చేరుకొనే వరకు చల్లబడుతుంది. రక్తం కదలిక లేక అడుగుభాగానికి దిగి, వెల్లకిల పడుకొన్నవారి వీపు మీద ఊదారంగు మచ్చలుగా కనబడుతుంది. కొన్ని గంటల తరువాత దేహాన్ని తిప్పినా ఆ మచ్చలు స్థానం మారవు. కండరాలు మొదట సడలుతాయి. పిమ్మట కనురెప్పలు, దవడ, మెడ, చేతులు, కాళ్ళు క్రమంగా బిగుసుకొంటాయి. పైనుండి క్రిందికి దిగే ఈ క్రమాన్ని 1811లో నిస్టెన్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. కండరాలలో ఆక్టిన్, మయోసిన్ అనే తంతువులు ఒకదానినొకటి పట్టుకొని లాగుతూ ఉంటాయి. ఆ పట్టు విడవడానికి ఏ.టి.పి. అనే శక్తిద్రవ్యం కావాలి. ఊపిరి ఆగితే అది తయారు కాదు, పట్టు విడదు. అందుచేత బిగుతు అంటే బలం మిగిలి ఉండడం కాదు, విడిచే శక్తి కూడా లేకపోవడం. ఒకటి రెండు దినాలలో కుళ్ళుదల మొదలై ఆ తంతువులే చెడినప్పుడు దేహం మళ్ళీ మెత్తబడుతుంది. గురువు అవయవాలు మూడవనాడు మృదువుగా ఉన్నాయన్న సాక్ష్యం ఎంత నిజాయితీగా పలికినదైనా, ఏ దేహంలోనైనా సహజంగా వచ్చే ఈ రెండవ మృదుత్వాన్ని గుర్తుంచుకోవాలి.

ఉష్ణదేశంలో ఇవన్నీ త్వరపడతాయి. వేసవిలో బిగుతు ఒకటి రెండు గంటల్లోనే మొదలవుతుంది. ఒక పగలు, ఒక రాత్రి గడిచేలోగా పొత్తికడుపు కుడివైపున పచ్చని మచ్చ కనబడుతుంది; పెద్దప్రేగు మొదలయ్యే చోటు అది. క్షయరోగులకోసం ఆరోగ్యవరం వెలసిన మదనపల్లె చల్లని సీమే, అయినా ధనుర్మాసపు రాత్రికీ, వైశాఖపు మధ్యాహ్నానికీ ఇక్కడా ఎంతో అంతరం ఉంటుంది. ఒకే ఊరిలో ఒకరి దేహం మూడు దినాలు నిలిచి, మరొకరిది మరునాటికే చెడితే, ఆ అంతరాన్ని ముందు ఋతువులో వెతకాలి, ఆ తరువాతనే పుణ్యపాపాల్లో.

తెలుగు ఇండ్లలోని ఆచారాలను ఈ కాలక్రమం పక్కన ఉంచి చూస్తే వాటి పొందిక తెలుస్తుంది. ప్రాణం పోయిన వెంటనే ఇంటి పెద్ద చేసే పనులు కనురెప్పలు మూయడం, దవడకు గుడ్డతో కట్టు కట్టడం, కాలి బొటనవ్రేళ్ళు రెండూ కలిపి ముడివేయడం, చేతులు చక్కగా చేర్చడం. కనురెప్పలు, దవడ అందరికన్నా ముందు బిగుసుకొనే చోట్లు. తెరచిన నోరు బిగుసుకొంటే ఆ ముఖమే బంధువుల స్మృతిలో చివరిదిగా మిగిలిపోతుంది. రాత్రి దహనం చేయరాదు కనుక తెల్లవార్లూ దీపం పెట్టి శవజాగరం చేస్తారు. రాత్రి గడిచిన శవానికి పర్యుషిత దోషం చెప్పి అంత్యేష్టి గ్రంథాలు ప్రాయశ్చిత్తం విధించాయి. శవం లేచే వరకు ఇంటి పొయ్యి వెలగదు. ఇవన్నీ ఆరోగ్యసూత్రాలేనని కుదించడం పొరపాటు, కేవలం అర్థంలేని తంతు అనడం అంతకన్నా పొరపాటు.

వీటిలో హృదయాన్ని తాకేది దింపుడు కళ్ళం. శ్మశానానికి వెళ్ళే దారిలో ఒకచోట పాడెను క్రిందికి దించుతారు. కర్త మృతుని చెవి దగ్గర నోరుంచి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. పలుకుతాడేమోనన్న చివరి పరీక్ష అది. పలకడని అందరికీ తెలుసు, అయినా పిలవకుండా ముందుకు సాగరు. నెరవేరదని తెలిసీ విడవలేని ఆశను తెలుగువారు దింపుడు కళ్ళం ఆశ అంటారు. ఉద్దాలకుడు చెప్పిన బంధువుల ప్రశ్నకూ, ఈ పిలుపుకూ మధ్య శతాబ్దాల దూరం ఉన్నా అడిగేది ఒకటే. నేడు బిడ్డలు విదేశాల నుండి వచ్చే వరకు దేహాన్ని ఐస్ పెట్టెలో ఉంచడం పల్లెలకు కూడా చేరింది. చల్లదనం సూక్ష్మజీవుల పనిని నెమ్మదింపజేస్తుంది. దహనకాలం సూర్యగతి నుండి విమానగతికి మారింది. మూడు దినాలు పెట్టెలో గడ్డకట్టిన తండ్రి చెవిలో కొడుకు పేరు పిలుస్తున్నాడంటే, ఆ ఆచారం పరీక్షగా కాక ప్రేమగా మిగిలిందని గ్రహించాలి.

మృతదేహాన్ని దూరంగా ఉంచిన సమాజమే దానిని అతి దగ్గరగా చూడమని కూడా ఆదేశించింది. సుశ్రుతసంహిత శారీరస్థానం అయిదవ అధ్యాయంలో శవశోధన విధి ఉంది. శస్త్రవైద్యుడు కాదలచినవాడు దేహాన్ని ప్రత్యక్షంగా చూసి తెలుసుకోవాలి. అందుకు అవయవలోపం లేని, విషంతో మరణించని, దీర్ఘరోగంతో క్షీణించని, మిక్కిలి వృద్ధుడు కాని వ్యక్తి దేహాన్ని ఎన్నుకోవాలి. ప్రేగులలోని మలాన్ని తొలగించాలి. ముంజగడ్డి, నార, దర్భ మొదలైనవాటితో చుట్టి, పంజరంలో ఉంచి, జనసంచారం లేని మరుగు చోట నదీజలంలో కట్టి నాననివ్వాలి. ఏడు రాత్రులు గడిచి బాగుగా మెత్తబడిన పిమ్మట బయటకు తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరనూ కంటితో చూడాలి.

ఈ విధిలోని ప్రతి అంశమూ దేహం చెడే తీరును ఎరిగినవాని మాట. కుళ్ళుదల ప్రేగులలో మొదలవుతుంది కనుక ముందు వాటిని శుభ్రం చేయమన్నాడు. గాలిలోకన్నా నీటిలో ఆ క్రియ నెమ్మదిగా సాగుతుంది. 19వ శతాబ్దిలో జర్మన్ వైద్యుడు కాస్పర్ దీనికి ఒక స్థూల నిష్పత్తి కూడా చెప్పాడు: గాలిలో ఒక వారం, నీటిలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు దాదాపు సమానం. పంజరం జలచరాల నుండి రక్షణకు. ఎముకలు 360 అని వేదవాదులు అంటారు, శల్యతంత్రంలో 300 మాత్రమే అని సుశ్రుతుడు నిర్మొహమాటంగా భేదం చెప్పగలిగినది ఈ ప్రత్యక్షం వల్లనే. దంతాలు, మృదులాస్థులు కూడా లెక్కలో చేరినందువల్ల అది నేటి 206 కన్నా ఎక్కువ. ఆ విధి ముగియగానే అతడు చేర్చిన హెచ్చరిక మరింత విలువైనది. దేహంలోని అతిసూక్ష్ముడైన విభువును ఈ కంటితో చూడలేరు. జ్ఞాననేత్రం, తపోనేత్రం ఉన్నవారికే అతడు గోచరిస్తాడు. కుళ్ళిన దేహాన్ని పొరపొరా చూసినవాడు ఆత్మ లేదనలేదు. ఆత్మ ఉన్నదన్నవాడు దేహాన్ని చూడవద్దనలేదు.

తరువాతి శతాబ్దాలలో ఈ విద్య పండితుల పాఠాలలో గ్రంథంగా మాత్రమే నిలిచింది. కలకత్తా సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం బోధించిన మధుసూదన గుప్త 1836లో అక్కడి మెడికల్ కాలేజీలో శవచ్ఛేదనం చేసినప్పుడు లోకం దానిని పాశ్చాత్యవిద్యా విజయంగా చెప్పుకొంది. సుశ్రుతుని చదివినవానికి అది కొత్త పని కాదు, ఆగిపోయిన పని.

బౌద్ధులు ఇదే దృశ్యాన్ని ధ్యానానికి ఆలంబనగా చేసుకొన్నారు. అయిదవ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుని విశుద్ధిమగ్గం పది అశుభ భావనలను వివరిస్తుంది: ఉబ్బినది, నీలివర్ణం దాల్చినది, చీము కారేది అని మొదలై, పురుగులతో నిండినది, చివరకు ఎముక మాత్రమే మిగిలినది వరకు. ఆ ఆచార్యుని జన్మభూమి పల్నాటి సీమ అని కొందరు పండితుల అభిప్రాయం. శ్మశానానికి వెళ్ళి అట్టి దేహాన్ని చూసి, నా దేహమూ ఈ ధర్మం కలదే, దీనిని దాటినది కాదు అని భావించమని ఆ మార్గం.

ఈ నేపథ్యంలో సమాధుల విషయాన్ని పరిశీలించాలి. గృహస్థునికి దహనం, యతికి ఖననం విధింపబడ్డాయి. సన్న్యాసి అగ్నులను తనలోనే ఆరోపించుకొన్నాడు కనుక అతని దేహాన్ని మళ్ళీ అగ్నికి సమర్పించనవసరం లేదన్నది హేతువు. దేహాన్ని గోతిలో పద్మాసనంలో కూర్చుండబెట్టి, విభూతి, బిల్వపత్రాలు, కర్పూరం, ఉప్పుతో కంఠం వరకు నింపి, శిరస్సుపై శంఖంతోనో టెంకాయతోనో కపాలభేదనం చేసి పూడుస్తారు. రాయలసీమలో జంగములు, వీరశైవులు కూడా తమ వారిని కూర్చున్న భంగిమలోనే నిక్షేపిస్తారు. ఉప్పు తడిని పీల్చుతుంది. తడి లేనిచోట కుళ్ళుదల సాగదు; దేహం ఎండి చర్మం ఎముకలకు అంటుకొని నిలుస్తుంది. తడి నిలిచి గాలి తగలని నేలలో దేహంలోని క్రొవ్వు మైనంవంటి పదార్థంగా మారి, ముఖపోలికలు ఏండ్ల తరబడి చెదరకుండా ఉండడమూ వైద్యులకు తెలిసినదే. చర్మం ముడుచుకొన్నప్పుడు గోళ్ళు, గడ్డం వెంట్రుకలు బయటకు వచ్చినట్లు కనబడతాయి. సమాధిలో స్వామికి గోళ్ళు పెరిగాయన్న కథలకు ఇది మూలం కావచ్చు. విధికర్తలు దేహాన్ని నిలపడానికే ఉప్పు వేయించారా అన్నది వేరు ప్రశ్న. వేసిన ఉప్పు మాత్రం మహాత్ముడని, సామాన్యుడని భేదం చూడదు.

జీవసమాధి ఈ విధికి భిన్నమైనది. మంత్రాలయంలో 1671లో రాఘవేంద్రస్వామి, కందిమల్లయపల్లెలో 1693లో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సజీవంగా సమాధిలో ప్రవేశించారని సంప్రదాయం. ఆ బృందావనాన్నీ, ఆ సమాధినీ తెరచి దేహం ఎట్లున్నదని చూడాలన్న కోరిక భక్తులకు కలుగలేదు. బ్రహ్మంగారి గాథలో పూల కోసం పంపబడిన సిద్ధయ్య తిరిగి వచ్చి, సమాధి మూయబడి ఉండడం చూసి విలపిస్తాడు. గురువు అనుగ్రహించి అతనికిచ్చినవి దండం, పాదుకలు, ముద్రిక. ఆ గాథను చెప్పుకొన్న జనులు దేహపు చెక్కుచెదరని స్థితిని సాక్ష్యంగా కోరలేదు. శిష్యునికి అందినదే వారికి సాక్ష్యం.

దేహాన్నే సాక్ష్యంగా చూపడం ఇటీవలి కాలపు ధోరణి. ఒక యోగి ఆత్మకథ ద్వారా తెలుగువారికి సుపరిచితులైన పరమహంస యోగానంద 1952 మార్చి 7న లాస్ ఏంజెలెస్‌లో దేహత్యాగం చేశారు. ఇరవై దినాల తరువాత కూడా వారి దేహంలో కుళ్ళుదల చిహ్నాలు కనబడలేదని అక్కడి ఫారెస్ట్ లాన్ శ్మశానవాటిక అధికారి రాసిన లేఖను శిష్యులు భక్తితో ప్రచురించారు. మరణించిన మరునాటి రాత్రి దేహాన్ని భద్రపరచే ద్రవాన్ని వాడుక ప్రకారం ఎక్కించిన సంగతి కూడా అదే లేఖలో ఉంది. లేఖను ఉదహరించేవారు ఈ వాక్యాన్ని విడిచిపెట్టకపోతే ఆ యోగివర్యుని గౌరవానికి కొరత రాదు. క్రియాయోగ బోధ ఆ ఇరవై దినాలపై ఆధారపడి నిలిచినది కాదు.

మదనపల్లెలో 1895 మే నెలలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఈ చర్చకు అనుకోని రీతిలో తోడ్పడతారు. తండ్రి నారాయణయ్య రెవిన్యూ శాఖ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లో మరణించింది. అప్పుడు బాలునికి పదేండ్లు. గతించిన తల్లి రూపాన్ని ఆ తరువాత తాను చూసినట్లు యౌవనారంభంలో రాసిన స్మృతులలో ఆయన పేర్కొన్నారు. గురుత్వాన్నీ, సంస్థలనూ తిరస్కరించి జీవితమంతా మాట్లాడిన ఆయన 1985 చివరలో జన్మస్థలానికి సమీపంలోని ఋషివ్యాలీకి చివరిసారి వచ్చారు. 1986 జనవరిలో మద్రాసులో చివరి ప్రసంగాలు చేసి, అడయారు సముద్రతీరంలో నడిచి, ఆ రాత్రే అమెరికాకు బయలుదేరారు. క్లోమగ్రంథి కాన్సరు అప్పటికే ముదిరింది.

కాలిఫోర్నియాలోని ఓహైలో మంచం పట్టిన ఆ దినాలలో ఆయన ఒక సందేశం రికార్డు చేయించారు. ఈ దేహాన్ని డెబ్బై ఏండ్లుగా ఒక మహాశక్తి వినియోగించుకొన్నదని, దేహం పోగానే అదీ పోతుందని దాని సారం. ఆయన కూడా తన దేహం సామాన్యమైనది కాదనే భావించారు. పవిత్రపురుషుని దేహానికి భారతీయ సంప్రదాయం మరణానంతరం ఏమి చేస్తుందని ఆయన విచారింపజేశారు కూడా. సమాధానం తెలిసిన తరువాత అవేవీ తనకు వద్దన్నారు. కర్మకాండ వద్దు, ప్రార్థనలు వద్దు, దర్శనానికి దేహాన్ని ఉంచవద్దు, స్మారకం కట్టవద్దు. దహనం మాత్రం చేయమన్నారు.

ఇక్కడ రెండు అర్థాలు చెప్పేవారున్నారు. సంప్రదాయాన్ని ఆయన చివరికీ ధిక్కరించారని కొందరి మాట. ఈశావాస్యం భస్మమే అంతంగా గల శరీరమని చెప్పినదానికి ఇంతకన్నా దగ్గరగా నడిచినవారు అరుదని మరికొందరి మాట. మొదటిది ఆయన అభిప్రాయానికి సన్నిహితం, రెండవది ఆయన చేసిన పనికి. అసాధారణమని తాను నమ్మిన దేహాన్ని సాక్ష్యంగా నిలపకపోవడంలో ఆయన ఆర్తభాగునికి యాజ్ఞవల్క్యుడిచ్చిన సమాధానానికి దూరంగా లేరు. జనకుని సభలోని ఆ సంభాషణ ముగింపు కూడా స్మరణీయం. వాక్కు అగ్నిలో, ప్రాణం వాయువులో, చక్షువు ఆదిత్యునిలో, శరీరం పృథివిలో, రోమాలు ఓషధులలో, కేశాలు వనస్పతులలో, రక్తరేతస్సులు జలంలో కలిసిన తరువాత ఈ పురుషుడు ఎక్కడ ఉంటాడని ఆర్తభాగుడు అడిగాడు. నీ చెయ్యి ఇలా ఇవ్వు సోమ్యా, ఇది సభలో చెప్పుకొనేది కాదంటూ యాజ్ఞవల్క్యుడు అతనిని పక్కకు తీసుకొనిపోయాడు. అక్కడ వారిద్దరూ మాట్లాడుకొన్నది కర్మను గురించి మాత్రమే అని శ్రుతి చెబుతుంది. దేహం ఏమవుతుందన్నది నిండు సభలో చెప్పదగిన మాటే అయింది.

కృష్ణమూర్తి 1986 ఫిబ్రవరి 17న అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు మరణించారు. కొద్ది గంటలలోనే, ఆ ఉదయమే, వెంచురాలో దహనం జరిగింది. అస్థిభస్మాన్ని మూడు భాగాలు చేశారు. ఒకటి ఓహైలో, ఒకటి ఇంగ్లండులో ఉండిపోయాయి. భారతదేశానికి వచ్చిన భాగాన్ని కాశీలోని రాజఘాట్ వద్ద గంగలోనూ, గంగోత్రిలోనూ, 1909లో పద్నాలుగేండ్ల బాలునిగా లెడ్‌బీటర్ కంటబడిన అడయారు తీరాన సముద్రంలోనూ కలిపారు.